ఆ వేసవికి మా పెళ్ళి మీద హక్కు లేదు

మా ఇంట్లో బయటపడ్డ ఈ సంగతి విన్నవాళ్ళంతా ముందు నోరు తెరుస్తారు, ఆ తరవాత ఒకటే మాట అంటారు: "రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా కలుస్తారు." మా అత్తగారు అన్నారు. పై ఫ్లోర్‌లో ఉండే ఆవిడ అన్నారు. జాతకాలన్నీ ట్రాష్ అని లంచ్ టేబుల్ దగ్గర వాదించే మా మేనేజరు కూడా కాసేపు ఆగి, "ఏదో ఉందండీ" అన్నాడు. మా అమ్మాయైతే దీన్ని రీల్ చేసి పెడతానని ఫోను పట్టుకుని నా వెంటే తిరిగింది.

సంగతేమిటంటే, నేనూ మా ఆయనా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులు ఒకే ఊళ్ళో గడిపాం. ఒకే డాబాలో తుఫానుకు తలదాచుకున్నాం. ఒకళ్ళంటే ఒకళ్ళకి ఇష్టం కలిగింది. పదేళ్ళ పిల్లకీ పన్నెండేళ్ళ పిల్లాడికీ ఎంత తెలుస్తుందో అంత ఇష్టం. వచ్చే ఏడాది మళ్ళీ కలుద్దాం అనుకున్నాం, కలవలేదు, మరిచిపోయాం. పెద్దయ్యాక పెళ్ళిళ్ళ పేరయ్య తెచ్చిన సంబంధంలో ముక్కూమొహం తెలియనివాళ్ళలాగే పెళ్ళిచూపుల్లో కూర్చున్నాం, పెళ్ళి చేసుకున్నాం. ఇద్దరు పిల్లలు పుట్టి, ఇంటి లోను సగం తీరాక గానీ ఆ ఇద్దరం మేమేనని తెలియలేదు.

నాకూ ఈ కథ ఇష్టమే. కానీ "రాసిపెట్టి ఉంది" అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వేసవి జరిగింది, సరే. దానికి మా పెళ్ళి మీద ఏ హక్కూ లేదు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ముందు తుఫాను గురించి చెప్పాలి.

1990 మే తుఫాను గురించి కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మన తీరానికి పెద్ద తుఫానులు మామూలుగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. ఇది మండుటెండల్లో, పిల్లలంతా అమ్మమ్మల ఊళ్ళలో ఉన్నప్పుడు వచ్చింది. మే 9, బుధవారం తీరం దాటింది. దాదాపు వెయ్యి మంది పోయారు. పదమూడేళ్ళ ముందు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేల మంది దాకా ఉంటారు. ఈసారి లక్ష మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు కాబట్టి అంతటితో ఆగింది.

మా అమ్మమ్మగారి ఊరు ఆ దివిసీమలోనే. బెజవాడలో బస్సెక్కితే ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసన, ఆ తరవాత పామర్రు, చల్లపల్లి, మోపిదేవి. అవనిగడ్డ దాటాక ఇంకొంచెం లోపలికి వెళ్ళాలి. ఊరి పేరు చెప్పను, ఇంకా చుట్టాలున్నారు. అమ్మమ్మది పెంకుటిల్లు. ఉప్పెన చూసిన మనిషి కాబట్టి, రేడియోలో వార్త వినగానే బియ్యం డబ్బా, మందుల సంచి, మమ్మల్నీ పట్టుకుని వీధి చివర డాబాలోకి నడిచింది. మా వాళ్ళ ఇళ్ళన్నిటికీ కలిపి డాబా అదొక్కటే. హాల్లో, వరండాలో, మెట్ల మీద ఎక్కడ చూసినా జనమే. గాలి తలుపుల్ని తోస్తుంటే మగవాళ్ళు వంతులవారీగా వీపులు ఆనించి కూర్చున్నారు.

ఆ రాత్రి గురించి నా దగ్గర ఒక కథ ఉంది, పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను. అది జున్ను కథ. తుఫాను తగ్గిన మర్నాడు తినడానికి ఏమీ లేదు, బియ్యం తడిసిపోయాయి. ఎవరిదో గేదె ఈనింది. ఆ ముర్రుపాలల్లో మామూలు పాలు కలిపి, బెల్లం కొట్టి వేసి, మిరియాలు నూరి, ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి దాని మీద గిన్నె పెట్టి జున్ను వండారు. కట్టెలు తడివి, పొగ తప్ప మంట లేదు. అంతమందికీ తలా ఒక ముక్క. నాకు జున్ను వాసన పడదు. నా వాటా నా పక్కన కూర్చున్న అబ్బాయికిచ్చేశాను. వాడు మూతి తుడుచుకుని, "వచ్చే సెలవులకి నీకు నాలుగు రంగుల పెన్ను తెస్తా" అన్నాడు. మర్నాటి నించీ ఆ అబ్బాయీ నేనూ రాలిన మామిడికాయలు ఏరాం, కూలిన తాటిచెట్టు మీదెక్కి ముంజలు కొట్టించుకు తిన్నాం, కడ్డీ కిందనుంచి కాలు పోనిచ్చి సైకిలు తొక్కడం నేర్చుకున్నాను. ఊళ్ళో కరెంటు లేదు, పెద్దవాళ్ళకి మమ్మల్ని పట్టించుకునే తీరిక లేదు. నా బాల్యంలో అంత స్వేచ్ఛగా గడిచిన రోజులు వేరే లేవు. తరవాతి వేసవికి వాడు రాలేదు. 1991 మే 21న రాజీవ్ గాంధీని చంపారు, ఊళ్ళో గొడవలు, బస్సులు ఆగిపోయాయి. వాడు అందుకే రాలేదని కొన్నాళ్ళు అనుకున్నాను. తరవాత అసలు అనుకోవడమే మానేశాను.

మా ఆయన దగ్గర కూడా ఒక కథ ఉంది. అది గేదె కథ. వాళ్ళ పెద్దమ్మ వాళ్ళ గేదె తుఫాను రాత్రి డాబా మెట్ల కింద ఈనింది. ఆ హోరులో దాని అరుపు ఎవరికీ వినపడలేదు, ఈయనకే వినపడింది. లాంతరు పట్టుకుని పెదనాన్న వెనకాల వెళ్ళాడు. పుట్టిన దూడకి "తుఫాను" అని పేరు పెట్టారు. ఈ కథని ఆయన మా పిల్లలకి అన్నం తినిపిస్తూ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నేను అదే వంటింట్లో, అదే సమయంలో, చెవులు పెట్టుకునే ఉన్నాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. టీవీలో అదే చూపిస్తున్నారు. మా అమ్మాయి, "నాన్నా, మీ గేదె తుఫాను పెద్దదా, ఇదా?" అంది. ఆయన మొదలుపెట్టాడు. ఈసారి దూడ దగ్గర ఆగకుండా, "మర్నాడు ఆ పాలతోనే ఊరందరికీ జున్ను పెట్టింది మా పెద్దమ్మ. పక్కన ఒక పిల్ల తన వాటా కూడా నాకే ఇచ్చేసింది" అన్నాడు. 

నేను చపాతీల పీట మీద చెయ్యి ఆపి, "గంగాళంలోనా?" అన్నాను.

"అవును, ఇత్తడిది. నీకెట్లా తెలుసు?"

ఆ తరవాత అర్ధరాత్రి దాకా మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

ఇన్నేళ్ళూ ఎట్లా తెలియలేదని అందరూ అడుగుతారు. ఇందులో మాయేమీ లేదు. ఆయన ఆ ఊరిని "అవనిగడ్డ" అంటాడు, నేను "నాగాయలంక దగ్గర" అంటాను. పల్లెటూరి పేరు చెబితే ఎవరికీ తెలియదని మనం దగ్గర్లో ఉన్న పెద్ద ఊరి పేరే చెబుతాం కదా. అక్కడ నన్ను అందరూ చిట్టి అనేవాళ్ళు, ఆయన్ని నాని అనేవాళ్ళు. శుభలేఖలో ఆ పేర్లు వెయ్యరు. మా అమ్మ ఆ ఏడాది ఊరికి రాలేదు, మామయ్యతో మమ్మల్ని పంపింది. ఆయన్ని కూడా వాళ్ళమ్మ పురిటికి వెళ్ళడంతో ఆ ఒక్క వేసవికే అక్కడ దించారు. తుఫాను దెబ్బకి అరటితోటలు, తమలపాకు తోటలు నేలమట్టమయ్యాక వాళ్ళ పెద్దమ్మ వాళ్ళు భూమి అమ్ముకుని కర్ణాటకలో సింధనూరు వైపు, ఆంధ్ర రైతులు ఉండే క్యాంపుకి వెళ్ళిపోయారు. మా పెళ్ళికి ఆవిడ రాలేకపోయింది. అమ్మమ్మ నా ఇంటర్ అయ్యేలోపే పోయింది, ఇల్లు అమ్మేశారు. మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన చూసిన మనిషి మా పెళ్ళిపందిట్లో ఒక్కరూ లేరు.

ఇక రాసిపెట్టి ఉండడం దగ్గరికొద్దాం.

మన దగ్గర పిల్లలు ఇద్దరు కలిసి ఆడుకుంటుంటే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "వరసేమవుతుందే?" మన వరసల లెక్కలో ఒక తరం పిల్లలకి రెండే గదులు. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనత్త, మేనమామ పిల్లలు బావా మరదళ్ళు. దూరపు చుట్టరికమైనా, చుట్టరికమే లేని ఊరివాళ్ళయినా, అటు తిప్పి ఇటు తిప్పి ఏదో ఒక గదిలో వేస్తారు. ఆ డాబాలో అమ్మమ్మ కూడా అదే చేసింది. నాని వాళ్ళ పెదనాన్న మా తాతకి ఏదో వరస. ఆ లెక్కన వీడు "బావే అవుతాడు". అంతే, ఆ క్షణం నించీ ముసలమ్మలందరికీ మేమొక కాలక్షేపం. "ఏరా నానీ, మా చిట్టిని చేసుకుంటావా?" వాడు సిగ్గుపడి పారిపోవడం, వీళ్ళు నవ్వడం. పదేళ్ళ పిల్ల గుండెల్లో ఏదో కదిలిందంటే దానికి సగం కారణం ఆ నవ్వులే. అదే డాబాలో ఉన్న ఇంకో అబ్బాయి అన్న వరస అయ్యాడు, వాడితోనూ నేను మామిడికాయలు ఏరాను. వాడి గురించి నాకు కథ ఏదీ లేదు.

అసలు ఆ డాబాలో ఎవరెవరు ఉన్నారు? అంతా మా కులంవాళ్ళే. ఊరి చివర పల్లెలో వాళ్ళు స్కూలు బిల్డింగులో ఉన్నారు. అక్కడా పిల్లలున్నారు, అక్కడా ఎవరో ఎవరికో తమ వాటా తిండి ఇచ్చే ఉంటారు. ఆ పిల్లల్లో ఒకడి సంబంధం పదిహేనేళ్ళ తరవాత పేరయ్య మా ఇంటికి తెచ్చే అవకాశం ఎంత? మన దేశంలో కులాంతర వివాహాలు నూటికి అయిదారుకి మించవని 2011–12లో చేసిన ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే (ఐహెచ్‌డీఎస్) చెప్పింది. నుదుట రాసే ఆయనెవరో కులం చూసి మరీ రాస్తున్నాడన్నమాట. జిల్లా కూడా చూస్తున్నాడు. మా పేరయ్య తిరిగేది తెనాలి, గుంటూరు, బెజవాడ, బందరు మధ్యే. మా కులంలో, మా ఆస్తిపాస్తుల లెక్కలో, రెండు మూడేళ్ళ వయసు తేడాలో ఎంతమంది అబ్బాయిలుంటారు? వాళ్ళలో ప్రతివాడికీ డెల్టాలో ఎక్కడో ఒకచోట అమ్మమ్మో పెద్దమ్మో ఉంటుంది. నేను ఎవర్ని చేసుకున్నా, ఎప్పుడో ఏదో పెళ్ళిలోనో, మోపిదేవి గుళ్ళోనో, చల్లపల్లి బస్టాండులోనో ఒకసారి ఎదురుపడే ఉంటాను. మాకు గేదె ఈనింది కాబట్టి గుర్తుపట్టుకున్నాం. మిగతా జంటలకి గుర్తుపట్టుకునే దారి లేదు, అంతే.

ఇది మన ఒక్కళ్ళ గొడవే కాదు. జేమ్స్ బొసార్డ్ అనే సమాజశాస్త్రవేత్త ఫిలడెల్ఫియాలో అయిదు వేల పెళ్ళి లైసెన్సులు తీసి, వధూవరుల అడ్రసులు చూసి, 1932లో లెక్క చెప్పాడు. మూడో వంతు జంటలు అయిదు వీధుల దూరంలో ఉండేవాళ్ళే. పేరయ్య లేని ఊళ్ళో, తమంతట తామే ప్రేమించి చేసుకున్నవాళ్ళ లెక్క అది. అక్కడి మన్మథుడు కూడా నడిచే తిరిగాడు.

ఆ మధ్య చైనా జంట ఒకటి వార్తల్లోకెక్కింది. 2000లో చింగ్‌దావ్ నగరంలో మే 4 స్క్వేర్ దగ్గర అమ్మాయి ఫోటో దిగింది, వెనకాల ఎవరో అబ్బాయి పోజు పెట్టి నిలబడి ఉన్నాడు. చాలా ఏళ్ళకి చెంగ్‌దూలో ఇద్దరూ కలిశారు, పెళ్ళి చేసుకున్నారు. ఆ తరవాత ఎప్పుడో పాత ఫోటో చూస్తే వెనకాల ఉన్నది మొగుడే. చింగ్‌దావ్‌కీ చెంగ్‌దూకీ మధ్య వెయ్యి కిలోమీటర్ల పైనే. వాళ్ళెవరన్నా విధి అంటే నేను కాసేపు నోరు మూసుకుంటాను. కృష్ణా జిల్లా మనిషి తెనాలి మనిషిని చేసుకుంటే విధి దాకా వెళ్ళక్కర్లేదు.

మా ఆయన దీనికి ఒప్పుకోడు. ఆయన వాదనా తీసిపారేసేది కాదు. "కారణం తెలిసినంత మాత్రాన గొప్పతనం పోతుందా? వాన ఎందుకు కురుస్తుందో తెలిసినా తడుస్తాం కదా" అంటాడు. తడుద్దాం, నాకేం అభ్యంతరం లేదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. తెలిసిన రోజు రాత్రి ఆయనకి గుర్తున్నది నాలుగైదు వాక్యాలు. గేదె, లాంతరు, జున్ను, పక్కన ఒక పిల్ల. సంక్రాంతి వచ్చేసరికి ఆ పిల్లకి రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు వచ్చాయి. ఉగాదికి ఆ పిల్ల నవ్వు కూడా గుర్తొచ్చేసింది. వేసవిలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు అందరి ముందూ కొత్త సంగతి చెప్పాడు: తుఫానుకి ముందు ట్రాక్టరు మీద పిల్లలందర్నీ అవనిగడ్డ తీసుకెళ్ళి "జగదేకవీరుడు అతిలోకసుందరి" చూపించారనీ, నేను ఆయన పక్కనే కూర్చున్నాననీ.

ఆ సినిమా విడుదలైంది 1990 మే 9న. తుఫాను తీరం దాటిన రోజున. తెలుగువాళ్ళలో సినిమా పిచ్చి ఉన్న ఎవరినడిగినా చెబుతారు, హాళ్ళు మునిగిపోయినా ఆడిన సినిమా అని. తుఫానుకి ముందు దాన్ని అవనిగడ్డలో చూడడం దేవేంద్రుడి కూతురికి కూడా సాధ్యం కాదు. ఆ మాటే అంటే, "అయితే ఇంకేదో సినిమా అయుంటుంది, నువ్వు మాత్రం పక్కనే కూర్చున్నావు" అన్నాడు. సినిమా మారినా సీటు మారదట!

ఆయన అబద్ధం చెప్పడం లేదు. జ్ఞాపకాలు అట్లాగే పనిచేస్తాయి. 1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడు అమెరికాలో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరురాలితో కలిసి, ఆ వార్త ఎక్కడున్నప్పుడు, ఎవరి ద్వారా విన్నారో తమ విద్యార్థులతో రాయించి దాచాడు. రెండున్నరేళ్ళు దాటాక వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగాడు. నాలుగో వంతు మంది చెప్పినదాంట్లో ఒక్క ముఖ్యమైన విషయం కూడా మొదట రాసినదానితో కలవలేదు. అయినా చాలామంది తమకి బాగా గుర్తుందని గట్టి నమ్మకంతో ఉన్నారు. అది రెండున్నరేళ్ళ సంగతి. మాది ముప్ఫై మూడేళ్ళ తుఫాను.

ఇంతకన్నా పెద్ద చిక్కు తరవాత వచ్చింది. ఆ వేసవి డాబాలో ఇంకో అబ్బాయి కూడా ఉన్నాడని చెప్పాలి. అన్న వరస అయినవాడు కాదు, వేరే. మా ఆయన పిన్ని కొడుకు, ఈయన కన్నా కొన్ని నెలలే చిన్న. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. అతనికి వాట్సాప్ కాల్ చేసి మా ఆయన గొప్పగా కథంతా చెప్పాడు. జున్ను దగ్గర ఊఁ కొట్టాడు. గేదె దగ్గర ఊఁ కొట్టాడు. నాలుగు రంగుల పెన్ను దగ్గరికి రాగానే, "ఆగాగు. ఆ పెన్ను నాది. బెజవాడ గవర్నర్‌పేటలో నాన్న కొన్నారు. నీకెక్కడిది రా అది?" అన్నాడు.

మా ఆయనకి పెన్ను సంగతి ముందు నించీ గుర్తు లేదు. అది నా కథలో ముక్క. 

నేను స్పీకరు దగ్గరికి జరిగి, "ఎవరికన్నా ఇస్తానన్నావా?" అని అడిగాను.

"ఏమో వదినా, అప్పుడు అందరికీ ఇస్తాననే చెప్పేవాణ్ణి" అని పగలబడి నవ్వాడు.

అంటే లెక్క ఇదీ. జున్ను తిన్నది మా ఆయన కావచ్చు. పెన్ను తెస్తానన్నది మా మరిది కావచ్చు. సైకిలు నేర్పింది ఇద్దరిలో ఎవరో. నా మనసు ఆ ఇద్దర్నీ కలిపి ఒకే అబ్బాయిని తయారుచేసుకుని ఇన్నేళ్ళు దాచిపెట్టుకుంది. కోర్టులో నిలబెట్టి ప్రమాణం చేయిస్తే "ఆ అబ్బాయి మా ఆయనే" అని నేను చెప్పలేను. "రాసిపెట్టి ఉంది" అన్నవాళ్ళకి ఈ భాగం చెబితే మొహం చిన్నబుచ్చుకుంటారు. మా అత్తగారైతే, "ఆ పెన్ను మాట ఇంక ఎవరి దగ్గరా అనకు" అన్నారు. ఆవిడ టెన్షన్ ఆవిడది.

నాకు మాత్రం ఆ ఫోను కాల్ తరవాత ప్రాణం తేలికపడింది. ఎందుకంటే ఈ విధి కథలో నన్ను ఇబ్బంది పెట్టే అసలు సంగతి కులమూ కాదు, జ్ఞాపకమూ కాదు. మా పెళ్ళైన మొదటి నాలుగేళ్ళు మేం బాగుండలేదు. ఇది చుట్టాలకి కొంత తెలుసు, చాలావరకు తెలియదు. రెండు గదుల అద్దె ఇల్లు, ఆయనకి నైట్ షిఫ్టులు, నాకు ఉద్యోగం మానెయ్యమని ఒత్తిడి, మా మామగారికి పక్షవాతం. ఒక ఏడాది వానాకాలమంతా నేను పుట్టింట్లోనే ఉన్నాను. పెద్దమనుషుల్ని పిలిపించే దాకా వచ్చింది. తిరిగి వెళ్ళడానికి నేను కొన్ని షరతులు పెట్టాను, వాటిలో కొన్నింటికి ఆయన ఒప్పుకున్నాడు, కొన్నింటికి నేను తగ్గాను. మామగారికి పక్క మార్చడం ఆయన నేర్చుకున్నాడు. రాత్రి ఏ టైముకి వచ్చినా అన్నం తానే పెట్టుకోవడం నేర్చుకున్నాడు. గొడవ వచ్చినప్పుడు మా అమ్మకి ఫోను చెయ్యకుండా ఉండడం నేను నేర్చుకున్నాను. ఇవేవీ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. మేమే, విసుక్కుంటూ, ఏడుస్తూ, ఒక్కోసారి లెక్కలు చూసుకుంటూ చేశాం.

ఇప్పుడు ఎవరో వచ్చి, "మీకు పదేళ్ళప్పుడే ముడి పడిపోయింది" అంటే ఆ నాలుగేళ్ళూ ఏమైనట్టు? ఎలాగూ కలిసి ఉండాల్సినవాళ్ళమే అయితే తిరిగి వెళ్ళాలా వద్దా అని నేను మా అమ్మ వరండాలో కూర్చుని ఆలోచించిన సాయంత్రాలకి విలువేముంది? పైగా ఈ మాటలో ఇంకో ప్రమాదం ఉంది. విడిపోయినవాళ్ళకి మరి ఏం రాసిపెట్టినట్టు? నా స్నేహితురాలొకామె పదకొండేళ్ళ కాపురం తరవాత బయటికొచ్చింది, రాకపోతే బతికుండేది కాదు. ఆమెకి కూడా అందరూ మొదట్లో ఇదే చెప్పారు, రాసిపెట్టిన బంధం, సర్దుకుపో అని. మా లాంటి ముద్దొచ్చే కథలు పదిమందిలో తిరిగే కొద్దీ ఆ సలహాకి బలం వస్తుంది. అందుకే అమ్మాయిని రీల్ చెయ్యనివ్వలేదు.

అయితే ఆ వేసవి వల్ల నాకేమీ ఒరగలేదా అంటే, ఒరిగింది. ఎవరూ అడగని చోట ఒరిగింది.

మా అమ్మమ్మని మా ఇంట్లో ఎవరూ చూడలేదు. నా పిల్లలకి ఆవిడ ఒక మసక ఫోటో. అది కూడా ఎవరిదో పెళ్ళిలో తీసింది, ముందున్న మనిషి భుజం అడ్డొచ్చి సగం మొహమే పడింది. నేను ఆవిడ గురించి చెబితే పిల్లలు వింటారు గానీ కళ్ళు ఫోను మీదే ఉంటాయి. మా ఆయన కూడా ఇన్నేళ్ళూ ఊఁ కొట్టినవాడే.

తెలిసిన కొన్నాళ్ళకి ఒక రాత్రి నేను మామూలుగా, "ఆ డాబాలో మా అమ్మమ్మ నీళ్ళ బిందె పక్కన ఎక్కడో పడుకుంది" అన్నాను. ఆయన, "పడుకోలేదుగా ఆవిడ" అన్నాడు.

"ఎవరు?"

"తెల్లచీర, సన్నగా, చెవులకి దుద్దుల బదులు తాటాకు చుట్టలు పెట్టుకునేది. రాత్రంతా లాంతరు పట్టుకుని పిల్లల తలల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టుకుంటూ తిరిగింది. మా పెద్దమ్మ విసుక్కుంది, పిల్లల నిద్ర చెడిపోతోందని. అయినా ఆగలేదు. నన్ను కూడా లెక్కపెట్టింది. నేను వాళ్ళ పిల్లాణ్ణి కాదని చెప్పాను. 'నోరు మూసుకుని పడుకో, నువ్వు పదకొండు' అంది."

తాటాకు చుట్టల సంగతి నేనెప్పుడూ ఆయనకి చెప్పలేదు. నేనే మరిచిపోయాను. దుద్దులు ఉప్పెన తరవాత ఏడాది అమ్మేసింది, చెవి రంధ్రాలు పూడిపోకుండా తాటాకు పెట్టుకునేది. హంసలదీవి వైపు ఉండే ఆవిడ చెల్లెలి కుటుంబం 1977లో మొత్తం పోయింది. ఆ రాత్రి పిల్లలు ఎక్కడున్నారో చూసుకోవడానికి దీపం లేకపోయిందని ఎవరో బతికొచ్చినవాళ్ళు చెప్పారట. అప్పటినించీ గాలి పెద్దదైతే చాలు, అమ్మమ్మ లెక్క మొదలుపెట్టేది. మా చిన్నతనంలో అదొక చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్ళం.

మా ఆయన నా చిన్నప్పటి చెలికాడో కాదో నాకు తెలియదు, తేల్చుకోవాలని కూడా లేదు. ఆయన మా అమ్మమ్మని చూశాడన్నది మాత్రం రుజువైపోయింది. మా ఇంట్లో ఇప్పుడు ఆవిడ గురించి నేను ఒక్కదాన్నే మాట్లాడనక్కర్లేదు. నేను "చాలా మంచిది" అంటే, "బాగా కసురుకునేది కూడా" అని సరిదిద్దే మనిషి ఉన్నాడు. ఎవరైనా పోయినవాళ్ళ గురించి చెప్పుకునేటప్పుడు వాళ్ళని మంచివాళ్ళని చేసేస్తాం. ఇంకో సాక్షి ఉంటే అంత తేలిక కాదు.

అందుకే నైసర్ చేసిన పనే నేనూ చేశాను, కాస్త ఆలస్యంగా. రిబ్బన్లకి పట్టిన గతి అమ్మమ్మకి పట్టకూడదని ఆయన చేతికి ఒక లాంగ్ నోట్‌బుక్కు ఇచ్చి, గుర్తున్నదంతా నన్నడగకుండా రాయమన్నాను, కింద తేదీ వేయించాను. పేజీన్నర రాశాడు. అక్షరాలు కోడిగీతలు, చదవడానికి నాకే కష్టం. వచ్చే నెల మా మామయ్య కంటి ఆపరేషన్‌కి హైదరాబాదు వస్తున్నాడు. ఆయనకీ ఒక నోట్‌బుక్కు కొని పెట్టాను, కట్టు విప్పాక రాస్తానన్నాడు. రాయడం అయ్యేదాకా ఒకళ్ళది ఒకళ్ళు చూడకూడదని ఇద్దరికీ షరతు పెట్టాను. మామయ్య ఫోనులో అప్పుడే మొదలుపెట్టాడు, "తాటాకు కాదే, వెదురు పుల్ల" అని. రాయి మామయ్యా, నాకు చెప్పకు అని పెట్టేశాను.